నుదుటి మీద చెయ్యి

పోయిన ఏడాది మన తెలుగు సంఘం ఉగాది సంచికలో ఒక పేజీ చదివి మీలో చాలామంది నాకు ఫోన్ చేశారు. కొందరు మాట్లాడుతూ ఏడ్చారు కూడా. ఆ పేజీ రాసింది ఇక్కడ హాలిఫాక్స్‌లో చదువుకుంటున్న ఒక అమ్మాయి. కార్గిల్ యుద్ధం జరుగుతున్న రోజుల్లో కొండల మీదికి సరుకు తోలే ట్రక్కు డ్రైవరు ఒకతను, జబ్బుపడిన స్నేహితుడి బదులు తనే ముందుకొచ్చి బండి తీసుకుపోయాడనీ, దారిలో ఫిరంగి గుండు తగిలి ప్రాణం వదిలాడనీ అందులో ఉంది. ఆ డ్రైవరు ఆమె తండ్రి. ఆ జబ్బుపడిన స్నేహితుణ్ణి నేను. ఆమెకు ఆ సంగతులు చెప్పిందీ నేనే.

అతను ముందుకు రాలేదు. గుండు తగల్లేదు. నాకు జబ్బు చేయలేదు.

ఈ మూడు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మిగతాది వివరంగా చెబుతాను.

నాకిప్పుడు యాభై దాటాయి. ఇక్కడ సిటీ బస్సు నడుపుతాను. మా ఆవిడ నర్సు, ఆమె ఉద్యోగం మీదే మేం ఈ ఊరొచ్చాం. అంతకుముందు పదిహేనేళ్లు సైన్యంలో డ్రైవర్ని. ఎవరైనా కార్గిల్ సంగతి ఎత్తితే "అక్కడే ఉన్నాను" అనేవాణ్ణి. అది నిజమే. విన్నవాళ్లు నన్ను శిఖరం మీద తుపాకీతో ఊహించుకునేవారు. వాళ్ల ఊహను నేను సరిచేసేవాణ్ణి కాదు. మా యూనిట్ పని కిరసనాయిలు, పిండి బస్తాలు, మందుగుండు పెట్టెలు పైకి తోలడం, ఖాళీ పీపాలు కిందికి తేవడం.

ఆ అమ్మాయి తల్లిది విజయనగరం దగ్గర. భర్త పోయినప్పటి నుంచీ నన్ను అన్నయ్య అంటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు నేనే ఫోన్ చేసేవాణ్ణి. ఒక వేసవిలో ఆమె తనంత తానుగా చేసింది.

"అన్నయ్యా, పిల్లకి కెనడాలో సీటొచ్చింది. టొరంటో దగ్గరా వచ్చింది, మీ ఊళ్లోనూ వచ్చింది. పిల్లలందరూ టొరంటోయే అంటన్నారు. మీరున్నారు గదా, మీ ఊరే ఎల్లమన్నాను."

మంచిపని చేశావమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లో నిలబడిపోయాను. టీ పెట్టడానికి వెళ్లినవాణ్ణి టీ పెట్టలేదు.

సెప్టెంబరులో ఎయిర్‌పోర్టుకు వెళ్లాను. రెండు పెద్ద సూట్‌కేసులు తోసుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఫోన్‌లో ఉన్న పాత ఫొటో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"పెదనాన్నా, మీరేనా? ఫొటోలో జుట్టుంది."

"అది మంచులో రాలిపోయిందమ్మా."

"అయితే నాక్కూడా గ్యారంటీ లేదన్నమాట" అంటూ నవ్వింది. నవ్వినప్పుడు పై పెదవి ఒకవైపే లేచింది. అచ్చం అతనే. కారు డిక్కీ తెరిచి సూట్‌కేసులు సర్దుతూ ఆ ముఖం చూడకుండా తప్పించుకున్నాను.

అది మన పిల్లలు విమానాలకు విమానాలు వచ్చిన కాలం. ఇళ్లు దొరికేవి కావు. యూనివర్సిటీకి దగ్గరలో ఒక బేస్‌మెంట్‌లో ఆమెతో కలిపి అయిదుగురు ఆడపిల్లలు చేరారు. వరంగల్ పిల్ల ఒకతె, అనంతపురం పిల్ల ఒకతె, మిగతావాళ్లు కోస్తా. నా రూటు వాళ్ల వీధి చివర నుంచే పోతుంది కాబట్టి వారంలో నాలుగు రోజులు నా బస్సే ఎక్కేవారు. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడుతుంటే వరంగల్ పిల్ల నా వెనక సీట్లో కూర్చుని, "అంకుల్, గీ ఊర్ల సూర్యుడు గూడ పార్ట్ టైమేనా?" అని అడిగింది.

ఇక్కడ బస్సు దిగేటప్పుడు ప్రతివాళ్లూ డ్రైవరుకు థాంక్యూ చెబుతారు. వెనక తలుపు నుంచి దిగేవాళ్లు కూడా గట్టిగా చెప్పి దిగుతారు. అది చూసి మా అమ్మాయికి సరదా వేసింది. నేను ఆమెను మా అమ్మాయి అనే రాస్తున్నాను, ఇప్పుడు ఆ హక్కు లేకపోయినా. దిగేటప్పుడు ప్రతిసారీ నడుం వంచి, "థాంక్యూ డ్రైవరు పెదనాన్న గారూ, మీ సేవలు అమోఘం" అనేది. పక్కన కూర్చున్న తెల్లవాళ్లు అర్థం కాకపోయినా వాళ్లూ నవ్వేవారు.

ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేది. తండ్రి పోయేనాటికి ఆమెకు ఏడాది నిండలేదు. తల్లికి కూడా అతనితో కాపురం అన్నీ కలిపితే కొన్ని నెలలే. సెలవుల్లో వచ్చి పోయిన మనిషి. అందుకని అతని గురించి మాటలు ఉన్నది నా దగ్గరే. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డింగ్ నొక్కి, "ఊ, చెప్పండి" అనేది.

చెప్పేవాణ్ణి. ఆ ఎత్తులో మామూలు గిన్నెలో అన్నం ఉడకదనీ, ఎంతసేపు పెట్టినా గింజ పలుకుగానే ఉంటుందనీ, మీ నాన్నకు రొట్టెలు సయించక ఎక్కడి నుంచో ఒక ప్రెషర్ కుక్కర్ సంపాదించాడనీ, విజిల్ వచ్చినప్పుడల్లా దానికి దండం పెట్టేవాడనీ చెప్పాను. గుర్రుపెడితే పక్క గుడారం నుంచి బూటు విసిరేవారని చెప్పాను. ట్రక్కులో ఎండ తగలకుండా అద్దం మీదికి దించే రేకు వెనకాల నీ ఫొటో పెట్టుకున్నాడు, స్టూడియోలో తీసింది, బుగ్గన నల్లచుక్కతో ఏడుస్తున్నావు అందులో అని చెప్పాను. పగటిపూట ఆ రేకు దించినప్పుడల్లా "ఇదిగో, మా సుబేదారు మేడం లేచింది" అనేవాడు. ఆమె ఇది మూడుసార్లు చెప్పించుకుంది.

తరవాత తప్పకుండా "ఆ రోజు గురించి" అనేది. ఆ కథకు నేను మాటలు వెతుక్కోవలసిన పని లేదు. ఇరవై ఏళ్లకు పైగా చెబుతున్నదే. అందులో అతను నా చేతిలోంచి బండి తాళం లాక్కుంటాడు. "నువ్వు పడుకో అన్నా, నేను పోయొస్తాను" అంటాడు.

జనవరిలో రిపబ్లిక్ డే కార్యక్రమంలో నన్ను స్టేజీ ఎక్కించారు, మీలో చాలామంది ఉన్నారు. శాలువా కప్పారు. అదే కథ మైకులో చెప్పాను. ముందు వరసలో ఆ అమ్మాయి కూర్చుని ఉంది. అందరూ లేచి ఆమె వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆ ఉగాదికి ఆమె ఆ పేజీ రాసి, అచ్చుకు పంపేముందు నాకు చూపించింది. చదివి, యూనిట్ గురించి ఒక చిన్న తప్పు ఉంటే దిద్దాను. ఆ ఒక్కటే దిద్దాను.

మళ్లీ నవంబరు వచ్చింది. నవంబరు పదకొండున, పదకొండు గంటలకు, యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం ఇక్కడ రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. మేం కూడా బస్సు ఎక్కడుంటే అక్కడ పక్కకు ఆపేస్తాం. ఆ రోజు పదకొండు కాబోతుండగా మా అమ్మాయి ఎక్కింది. ముఖం పాలిపోయి ఉంది. కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి.

"ఎక్కడికి, ఇవాళ సెలవు కదా?"

"కాఫీ షాపుకి. షిఫ్ట్ నాది కాదు, రూమ్మేట్‌ది. దానికి అసైన్‌మెంట్ సబ్మిట్ చేయాలి. నేను కవర్ చేస్తున్నా."

"ఒంట్లో బాగాలేదా?"

"తల పగిలిపోతోంది పెదనాన్నా. పొద్దున్న రెండుసార్లు వామిట్ అయింది. ఏం కాదు, తగ్గిపోతుంది."

ఆమె ముందు సీట్లో కూలబడింది. నేను రెండు స్టాపులు నడిపాను. టైమయింది. బస్సు పక్కకు తీసి ఇంజను ఆపాను. పోయిన సైనికుల జ్ఞాపకంగా ఎర్ర గసగసాల పువ్వు గుర్తు కోటుకు పెట్టుకున్న ఒక ముసలి జంట, నేవీ యూనిఫాంలో ఒక కుర్రవాడు, మేమిద్దరం. కుర్రవాడు లేచి నిటారుగా నిలబడ్డాడు.

ఆ మౌనంలో ఆమెకు వాంతి వచ్చింది. ప్లాస్టిక్ సంచి నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. నేను సీటు దిగి వెళ్లి ఆమె నుదురు పట్టుకున్నాను. మనవాళ్లందరూ చేసేదే అది. ఎవరికి వాంతి అయినా పక్కనున్నవాళ్ల చెయ్యి దానంతట అదే నుదుటి మీదికి పోతుంది. ముసలావిడ నా వైపు వింతగా చూసింది. వాళ్లయితే వీపు నిమురుతారు. నా అరచేతిలో ఆ నుదురు అదిరింది. చల్లటి చెమట. ఆ నుదురు నాకు తెలుసు.

కాస్త తెరిపిన పడ్డాక ఆమె మూతి తుడుచుకుంది. "ఇంటికి పో తల్లీ" అన్నాను. "పర్లేదు. నాన్న మీకోసం అంత చేశారు. నేను చేసేది ఒక షిఫ్ట్. ఆ మాత్రం చేయలేనా?" అంది.

రెండు నిమిషాలు అయిపోయాయని నేవీ కుర్రవాడు కూర్చున్నాక గానీ తెలియలేదు. నా సీటుకు తిరిగొచ్చి బస్సు తీశాను.

జరిగింది ఇది.

ఆ కొండలు ఎక్కాలంటే మెట్టు మెట్టుగా, మధ్య మధ్య రోజుల తరబడి ఆగుతూ ఎక్కాలి. గాలి పలచన. ఒళ్లు అలవాటు పడాలి. యుద్ధం వచ్చేసరికి అన్ని రోజులు ఆగే తీరిక లేకపోయింది. మమ్మల్ని తొందరగా పైకి పంపేశారు. అందరికీ తలనొప్పే. అయితే తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే అది వేరే సంగతి. మెదడు వాస్తుంది, చూపు చెదురుతుంది. అలాంటివాణ్ణి బండి ముట్టుకోనివ్వకూడదు, వెంటనే కిందికి దించాలి. ఈ రూలు మా అందరికీ తెలుసు.

ఆ పొద్దున్న గుడారాల వెనక అతను వంగి కక్కుతుంటే నేను వెళ్లి నుదురు పట్టుకున్నాను. తాగిన టీ అంతా పోయింది. కాసేపటికి ఇంకోసారి.

"తల బద్దలైపోతంది అన్నా. ఎవులికీ సెప్పకు" అన్నాడు.

"ఎందుకు చెప్పకూడదురా?"

"ఆసుపత్రికి దించేస్తారు. నా సెలవు పోద్ది. ఇంక నాలుగు రోజులే గదా ఉన్నాది. పిల్లని సూసి నెలలైపోనాది."

ఆ రోజు అతనికి రెస్టు. పైకి వెళ్లవలసింది నేను. ముందురోజు దారిలో నా ముందున్న బండి మీద గుండు పడింది. అది మండుతుండగా పక్క నుంచి తోలుకుంటూ వచ్చాను. ఆ పొద్దున్న నాకు ఉన్నది భయం ఒక్కటే. అంతకంటే పెద్ద కారణం చెప్పడానికి నా దగ్గర లేదు.

అతని నుదురు పట్టుకున్న చెయ్యి ఇంకా తడిగా ఉండగానే వైద్యం గుడారానికి వెళ్లాను. తల బద్దలవుతోంది, రెండుసార్లు వాంతి అయింది, లేచి నిలబడితే తూలిపోతున్నాను అన్నాను. తలనొప్పిని కొలిచే యంత్రం లేదు. మనిషి మాట నమ్మాలి, అంతే. నమ్మారు. విశ్రాంతి అని చీటీ రాసిచ్చారు. నేను చెప్పిన ప్రతి లక్షణం అతనిది.

డ్యూటీ బోర్డు మీద హవల్దారు నా పేరు అరచేత్తో తుడిచి అతని పేరు సుద్దముక్కతో రాశాడు. ఇంకెవరూ ఖాళీగా లేరు. అప్పుడైనా నేను చెప్పి ఉండవచ్చు. అతను వాంతులు చేసుకుంటున్నాడు హవల్దార్ సాబ్ అని ఒక్కమాట. అతను కూడా చెప్పలేదు, సెలవు పోతుందని. గుడారంలోకి వచ్చి నన్ను చూసి, "నీకూ వచ్చీసిందేటి? నాదే అంటుకున్నట్టుంది" అని నవ్వాడు. తన కంబళి తెచ్చి నా మీద కప్పాడు. వెళ్లిపోయాడు.

పట్టపగలు. ఆ రోజు ఆ దారిలో ఒక్క గుండు కూడా పడలేదు. వెనక బండి డ్రైవరు చూశాడు. మలుపు దగ్గర ట్రక్కు తిరగలేదు, అక్కడ మలుపే లేనట్టు నేరుగా పోయిందన్నాడు. బ్రేకులు పోయి ఉంటాయని కొందరు, దారి అంచు విరిగి ఉంటుందని కొందరు అన్నారు. విచారణలో నన్ను అడిగారు, ఆ పొద్దున్న అతను ఎలా ఉన్నాడని. బాగానే ఉన్నాడు సాబ్ అన్నాను.

యూనిట్‌లో మిగిలిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఇంటివాళ్లకు వాళ్ల భాషలో నాలుగు ముక్కలు రాయమని ఆఫీసరు చెప్పాడు. ఆ ఉత్తరంలోనే మొదటిసారి గుండు పేలింది. ఆ ఉత్తరంలోనే అతను నా చేతిలోంచి తాళం లాక్కున్నాడు.

నా రూటు చివరి స్టాపు ఒక షాపింగ్ మాల్. ఆమె పనిచేయవలసిన కాఫీ షాపు అందులోనే. ముసలి జంటా, నేవీ కుర్రవాడూ థాంక్యూ చెప్పి దిగిపోయారు. తిరుగు ప్రయాణానికి తొమ్మిది నిమిషాలుంది. ఆమె దిగబోతుంటే "కూర్చో తల్లీ" అన్నాను. తలుపులు మూసి, ఇప్పుడు మీకు రాసినంతా చెప్పాను. ఇంత పొందికగా కాదు. మొదట చెప్పవలసింది చివర చెప్పాను.

ఆమె చేతిలో ఆ సంచి అలాగే ఉంది.

"నాన్నకి ఎన్నిసార్లు అయింది?"

"రెండు."

"మీరు చూశారు."

"నేనే పట్టుకున్నాను."

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట పార్కింగ్‌లో ఒకతను ట్రాలీలను ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్నాడు.

"కుక్కర్ సంగతి నిజమేనా?"

"నిజం."

"నా ఫొటో?"

"నిజం తల్లీ. ఆ రేకు వెనకాలే ఉండేది."

"ఎలా నమ్మాలి?"

సాక్ష్యం చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, నా మాటకు విలువ లేకుండా చేసుకున్నదీ నేనే. నేను అబద్ధం చేసింది అతని చావును మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ తొమ్మిది నిమిషాల్లో తెలిసింది, కుక్కర్‌కి దండం పెట్టిన మనిషిని కూడా ఆమె దగ్గర లేకుండా చేశానని.

ఆమె ఫోన్ తీసి షాపుకు ఇంగ్లీషులో చెప్పింది, ఒంట్లో బాగాలేదు, రాలేనని. తరవాత లేచి నాతో, "అమ్మకి మీరే చెప్పాలి. నేను చెప్పను" అంది. బస్సు దిగలేదు. వెళ్లి చివరి వరసలో కూర్చుంది. వాళ్ల వీధి వచ్చాక వెనక తలుపు నుంచి దిగిపోయింది.

ఆ ఆదివారం వాళ్ల అమ్మకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. లైను కట్ అయిందేమోనని మధ్యలో రెండుసార్లు "అమ్మా, ఉన్నావా" అని అడిగాను. "ఊ" అంది. అంతా అయ్యాక ఒకటి అడిగింది.

"కక్కినప్పుడు మనిషి ఒక్కడే ఉన్నాడా, ఎవరన్నా తల పట్టుకున్నారా?"

"నేను పట్టుకున్నానమ్మా."

"ఆ చేత్తో పట్టుకుని ఎలాగ పంపీసినారు?"

అన్నయ్యా అనలేదు. ఫోన్ పెట్టేసింది. ఆ తరవాత నేను చేసిన ఫోన్లు ఎత్తలేదు. మానేశాను.

అమ్మాయి నుంచి జనవరిలో ఒక మెసేజ్ వచ్చింది. "నా పేజీ ఎక్కడ వచ్చిందో అక్కడే రాయండి." అందుకే ఇది ఈ సంచికలో ఉంది. పై భాగమంతా రాసి ఆమెకు పంపాను. చదివినట్టు గుర్తు కనిపించింది. జవాబు రాలేదు. ఆమె ఎక్కడా ఏదీ దిద్దలేదు. శాలువాను సంఘం వాళ్లకు తిరిగి ఇచ్చేశాను. ఎందుకని అడిగినవాళ్లకు ఇదే జవాబు.

మిగతా నలుగురు పిల్లలకు ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. వరంగల్ పిల్ల ఇప్పటికీ "నమస్తే అంకుల్" అంటుంది కానీ నా వెనక సీట్లో కూర్చోదు.

మొన్న మార్చిలో, మంచు కరిగి రోడ్లన్నీ బురదగా ఉన్న ఒక మధ్యాహ్నం, మా అమ్మాయి నా బస్సు ఎక్కింది. నాలుగు నెలలుగా వేరే రూటు చుట్టు తిరిగి వెళుతోందని నాకు తెలుసు. ఆ రోజు ఆ రూటు బస్సులు ఆలస్యమయ్యాయి. కార్డు చూపించింది. నేను తల ఊపాను. వెళ్లి చివరి వరసలో కూర్చుంది. కొంచెం చిక్కింది. నడిపినంతసేపూ అద్దంలోకి చూడకుండా ఉండడానికి ప్రయత్నించాను, రెండుసార్లు చూశాను. చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోన్‌లో ఏదో వింటోంది. పాటలో, ఆదివారాలు రికార్డు చేసుకున్న నా మాటలో తెలియదు.

యూనివర్సిటీ దగ్గర బస్సు ఆపమని గంట తీగ లాగింది. ఆపాను. వెనక తలుపు తెరిచాను. ఆమె మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, "థాంక్యూ" అని గట్టిగా చెప్పి దిగింది. ఈ ఊళ్లో అందరూ చెప్పేదే. ఆమె ముందు దిగిన ఇద్దరు కూడా చెప్పారు.